ఇరవై నిమిషాల నీళ్ళు
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో నన్ను ఎప్పుడు మాట్లాడమన్నా డి.ఎ. బకాయిల గురించో, లైఫ్ సర్టిఫికెట్ గురించో చెప్పి కూర్చునేవాడిని. ఈసారి కార్యదర్శి గారు, "సర్వీసులో మీరు మరచిపోలేని సంగతి ఒకటి చెప్పండి" అన్నారు. నేను 1974లో జూనియర్ అసిస్టెంటుగా చేరి 2008లో పదవీ విరమణ చేశాను. ఇన్నేళ్ళలో ఎన్నో ఫైళ్ళు చూశాను. కాని మరచిపోలేనిది ఫైలు కాదు. అగ్గిపెట్టె కంటె కాస్త చిన్నదైన ఒక పంటి ఎక్స్‌రే ఫిల్ము.

అప్పట్లో నేను ఈ బొగ్గు ప్రాంతంలోనే ఒక ప్రభుత్వాసుపత్రిలో గుమాస్తాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. పంటి జబ్బులకు మన దగ్గర కొదవ ఉండేది కాదు. బాయి లోపలికి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోవడం నేరం. అందుకని చాలామంది తంబాకు దవడన పెట్టుకొని షిఫ్టు గడిపేవారు. దాని ఫలితం మా ఓ.పి. రిజిస్టరులో కనిపించేది.

నా గదికి ఆనుకొనే డార్క్ రూం. అక్కడి అసిస్టెంటు నాకు మంచి స్నేహితుడు. ఓ.పి. అయిపోయాక ఊరికే వెళ్ళి నిలబడి చూస్తూ పని నేర్చుకున్నాను. పంటి ఫిల్ము ప్యాకెట్టులో పైన తెల్లని కవరు, లోపల నల్ల కాగితం, ఒక పల్చని సీసపు రేకు, వీటి మధ్య ఫిల్ము ఉంటాయి. ఫిల్ము మూలన వేలికి తగిలే చిన్న బొడిపె ఉంటుంది. అది ఎటు ఉందో చూసే కుడి దవడా, ఎడమ దవడా తేల్చాలి. తిరగేసి చూస్తే మంచి పన్ను పోతుంది.

ఎర్ర దీపం వెలుతురులో కవరు విప్పి, ఫిల్మును క్లిప్పుకు తగిలించి డెవలపర్‌లో ముంచాలి. ఎక్స్‌రే తగిలిన వెండి లవణం అక్కడ నల్లని వెండిగా మారుతుంది. తర్వాత నీళ్ళలో ఆడించి ఫిక్సర్‌లో పెడితే, కిరణం తగలని లవణం కరిగిపోతుంది. అందుకే గట్టి పన్ను తెల్లగాను, పుచ్చిన చోటు నల్లగాను కనిపిస్తాయి. 1895లో రాంట్‌జెన్ మహాశయుడు ఈ కిరణాలను కనిపెట్టిన మరుసటి ఏడాదే జర్మనీలో పంటి ఎక్స్‌రే తీశారట. దానికి 25 నిమిషాలు పట్టిందని మా డాక్టరు గారు చెప్పేవారు. మా రోజులకు అది ఒక సెకను లోపు పని. డార్క్ రూంలో పట్టే సమయం మాత్రం తగ్గలేదు.

మన రామగుండం ఎండల సంగతి మీకు చెప్పనవసరం లేదు. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉంటే 5 నిమిషాలు, 27 డిగ్రీలయితే రెండున్నర నిమిషాలు. అంతకుమించి వేడెక్కితే ఫిల్ము మీది జిగురు పొర మెత్తబడి జారిపోతుంది. మే నెలలో ఐసు ఫ్యాక్టరీ నుండి పొట్టులో చుట్టిన ఐసు గడ్డ తెచ్చి బయటి తొట్టిలో వేసేవాళ్ళం. డెవలపర్‌లోనే వేస్తే అది పల్చబడుతుంది. ఫిక్సర్‌లో 10 నిమిషాలు. ఆ తర్వాత పారే నీళ్ళలో 20 నిమిషాలు కడగాలి. అందరికీ విసుగు పుట్టించేది ఈ చివరి 20 నిమిషాలే. ఎందుకంటే బొమ్మ అప్పటికే కనిపిస్తూ ఉంటుంది.

1981 మే నెలలో మా అసిస్టెంటు కూతురి పెళ్ళికి సెలవు పెట్టాడు. "గుమాస్తా గారూ, వారం రోజులు మీరు చూసుకోండి" అన్నారు డాక్టరు గారు. గొప్పగా ఒప్పుకున్నాను.

ఆ వారంలోనే రైల్వే సైడింగులో బొగ్గు ఎత్తే ఒక కాంట్రాక్టు కూలీ వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. వ్యాగన్ మీది నుండి బొగ్గు పెళ్ళ జారి దవడకు తగిలింది. కంపెనీ కార్మికుడు కాదు కాబట్టి మా దగ్గరికి వచ్చాడు. వెంట అతని అన్న, కోల్ ఫిల్లరు. డార్క్ రూం తలుపు దగ్గర నిలబడి, "బాయిల చీకటి మాకు అలవాటే సారూ, గీ చీకట్ల మీరేం తవ్వుతరు?" అని నవ్వించాడు.

ఫిల్ములో రెండు ముందు పళ్ళ వేళ్ళు నిలువునా విరిగినట్టు తెలిసింది. చుట్టూ ఎముక శుభ్రంగా ఉంది, పుచ్చు లేదు. డాక్టరు గారు తడి ఫిల్మే చూసి చీటీ మీద రాశారు. అప్పటికి పంపులో నీళ్ళు ఆగిపోయాయి. బయట ఇంకా 30 మంది ఉన్నారు. ఫిల్మును బకెట్టులో మూడుసార్లు ముంచి, ఫ్యాను కింద ఆరబెట్టి, నంబరు వేసి కవరులో పెట్టాను.

1983లో ఆ ఫిల్ము కావాలని కాగితం వచ్చింది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం కింద అతను కేసు వేశాడు. గుత్తేదారు, "తంబాకు తిని పళ్ళు ముందే పుచ్చాయి, దెబ్బకు సంబంధం లేదు" అన్నాడు. ఆ మాట అబద్ధమని చెప్పగలిగింది ఆ ఫిల్ము ఒక్కటే. కవరు విప్పాను. రెండు వానాకాలాలు గడిచాయి. ఫిల్ములో మిగిలిన హైపో దాన్ని తినేసింది. అంతా గోధుమరంగు మరక. పన్ను ఏదో, ఎముక ఏదో తెలియలేదు.

నేను జవాబు రాశాను: "ఫిల్ము చదువుటకు వీలు లేని స్థితిలో ఉన్నది." ఎందువల్ల అన్నది రాయలేదు. డాక్టరు గారి చీటీ ఉన్నందున అతనికి ఎంతో కొంత ముట్టింది గాని, రావలసినంత రాలేదని అన్న వచ్చి చెప్పిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నీళ్ళు చాలక కాదు, నా తొందర వల్ల పాడైందన్న మాట ఆ కాగితంలో లేదు. ఈ రోజు మీ ముందు చెబుతున్నాను.

ఆ తర్వాత డార్క్ రూంలో ఒక రిజిస్టరు పెట్టించాను: డెవలపర్ మార్చిన తేదీ, వేడి, కడిగిన సమయం. పంపు ఆగితే తొట్టి నీళ్ళు అయిదేసి నిమిషాలకు మార్చేవాళ్ళం. డాక్టరు గారు ఒక పరీక్ష కూడా నేర్పారు. పొటాషియం పర్మాంగనేట్ పల్చగా కలిపి రెండు గాజు గొట్టాల్లో పోయాలి. ఒకదానిలో ఫిల్ము నుండి కారిన నీటి చుక్కలు, రెండోదానిలో మామూలు పంపు నీటి చుక్కలు వేయాలి. మొదటిదాని రంగు ముందుగా విరిగితే ఇంకా హైపో ఉన్నట్టే, మళ్ళీ కడగాలి. నేను బదిలీ అయ్యేదాకా కడగని ఫిల్ము కవరులోకి పోలేదు.

ఇప్పుడు చాలాచోట్ల ఫిల్ము పోయి, సెన్సరు, కంప్యూటరు వచ్చాయి. మంచిదే. అయినా మన ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో పాత ఎక్స్‌రేలు ఉన్నాయి. వాటిని చెమ్మ తగలనీయకండి, కాగితపు కవర్లలో ఉంచండి. పాత సామాన్లవాళ్ళు ఫిల్ములు కొనేది అందులోని వెండి కోసం. ఏ పరిహారానికో, ఏ వైద్యానికో అది సాక్ష్యమవుతుందేమో చూసుకోకుండా అమ్మకండి. కంప్యూటరు బొమ్మ అయితే పేరు, తేదీ, కుడి ఎడమలు సరిచూసి ఒక నకలు అడిగి తీసుకోండి. అడగడానికి మొహమాటపడకండి.

ఇక్కడ ఇంకా సర్వీసులో ఉన్న పిల్లలు కొందరు కనిపిస్తున్నారు. బాబూ, బొమ్మ కనబడగానే పని అయిపోయిందనుకోవద్దు. మనం దాచిన కాగితం ఏ పేదవాడికి ఏనాడు అవసరపడుతుందో మనకు తెలియదు.