బ్రేకు దీపం, పాత చిరునామా



కారు తాళంచెవి తిప్పగానే మీటరు పలకపై ఎర్రని, పచ్చని దీపాలు ఒక్కసారిగా వెలుగుతాయి. రెండు మూడు క్షణాలలో ఒక్కొక్కటిగా ఆరిపోతాయి. ఆ సమయంలో నడిపేవారు సీటుబెల్టు సర్దుకుంటూనో, ఫోనులో దారి వెతుక్కుంటూనో ఉంటారు. వాహనం తనను తాను పరీక్షించుకొని ఫలితం చెప్పేది సరిగ్గా ఆ క్షణాలలోనే. వృత్తంలో ఆశ్చర్యార్థకం, దానికి ఇరువైపులా బ్రాకెట్ల వంటి గీతలు గల ఎర్రని గుర్తు బ్రేకు హెచ్చరిక దీపం. అది అప్పుడు వెలగాలి, హ్యాండ్‌బ్రేకు దించిన పిమ్మట ఆరిపోవాలి. ఆరకపోతే బ్రేకులో లోపం ఉండవచ్చు. అసలు వెలగనే వెలగకపోతే లోపం ఆ దీపానిదో, దాని వైరుదో అయి ఉంటుంది. ఈ రెండవదే ఎక్కువ అపాయకరం. దీపం లేదు గనుక లోపమూ లేదనుకొని కుటుంబాన్నంతా ఎక్కించుకొని బయలుదేరేవారే అధికం.

ఆ ఒక్క గుర్తు పలు విషయాలను తెలుపుతుంది. హ్యాండ్‌బ్రేకు వేసి ఉన్నదని తెలిపేది అదే. బానెట్ కింద బ్రేకు ఆయిలు నింపే చిన్న డబ్బాలో మట్టం తగ్గినదని తెలిపేదీ అదే. డబ్బాలో ఒక బెండు ఆయిలుపై తేలుతూ ఉంటుంది. మట్టం పడిపోతే బెండు కిందికి దిగి స్విచ్చును కలుపుతుంది, దీపం వెలుగుతుంది. బ్రేకు ప్యాడ్లు అరిగినకొద్దీ మట్టం మెల్లగా తగ్గడం సహజం. గొట్టం ఎక్కడైనా కారుతూ ఉంటే మాత్రం త్వరగా తగ్గుతుంది. డబ్బాలో ఆయిలు పోసి పంపించివేసే మెకానిక్కు మట్టం ఎందుకు తగ్గినదో చూడనట్టే.

బెంగళూరు తెలుగువారికి ఇది దూరపు మాట కాదు. సెలవు వచ్చినదంటే కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా తిరుపతికి ప్రయాణం. మొగిలి ఘాట్ దిగాలి, దర్శనమైన తరువాత తిరుమల కొండా దిగాలి. దిగువకు వచ్చేటప్పుడు అదే పనిగా బ్రేకు తొక్కితే వేడి ఆయిలుదాకా పాకుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం కలది. తేమ చేరిన పాత ఆయిలు తక్కువ వేడికే మరిగి బుడగలు కడుతుంది, పెడలు మెత్తబడి లోపలికి దిగిపోతుంది. డబ్బాలో మట్టం నిండుగానే ఉంటుంది గనుక ఈ సంగతి ఆ దీపం చెప్పలేదు. ఆయిలు మార్చవలసిన గడువు వాహనం పుస్తకంలో ఉంటుంది. చాలా కార్లకు అది సుమారు రెండేళ్లు. దిగేటప్పుడు తక్కువ గేరులో దిగమని పెద్ద డ్రైవర్లు చెప్పేది ఇందుకే.

చెప్పగలిగిన మేరకైనా దీపం నిజం చెప్పాలి కదా. కారణం లేకుండా రోజూ వెలిగే దీపం ‘నాన్నా పులి’ కథలోని పిల్లవాని వంటిది. నెల రోజులకు దానిని చూడడమే మానేస్తారు. జె.సి. రోడ్డు దుకాణాలలోనో, ఇంటి దగ్గరి షెడ్డులోనో వినిపించే సంభాషణ ఒకటుంది. “అన్నా, ఈ ఎర్ర లైటు పోవడం లేదు, చూడు.” “అది సెన్సరు ప్రాబ్లం సార్. వైరు తీసేస్తే పోతుంది.” వైరు తీసేస్తారు, దీపం పోతుంది, నూరో రెండు వందలో ఇచ్చి వచ్చేస్తారు. ఆ రోజుతో ఆ కారుకు హెచ్చరిక చెప్పే నోరు లేకుండా పోతుంది. మళ్లీ తాళం తిప్పినప్పుడు ఆ దీపం వెలిగినదా అని చూసేవారు ఎందరు?

దీపంలోని లోపాన్ని చట్టం ఎంత తీవ్రంగా పరిగణించగలదో చూపే ఉదాహరణ 2024 ఆరంభంలో అమెరికాలో జరిగింది. టెస్లా సంస్థ సుమారు 22 లక్షల కార్లను రీకాల్ చేసింది, అంటే లోపం సవరించడానికి వెనక్కు పిలిచింది. బ్రేకులు బాగానే ఉన్నాయి, దీపమూ వెలుగుతూనే ఉన్నది. తెరపై బ్రేకు, పార్కింగు, ఏబీఎస్ హెచ్చరికల అక్షరాలు ఉండవలసినదానికన్నా చిన్నవిగా ఉన్నాయన్నదే అభ్యంతరం. అక్కడి నిబంధన ప్రకారం అక్షరం ఎత్తు 3.2 మిల్లీమీటర్లకు తగ్గరాదు. అంటే ఇంచుమించు పెసరగింజంత. ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ మామూలు తనిఖీలో దీనిని కనిపెట్టింది. కార్లు షెడ్డుకు రానక్కరలేకుండానే సాఫ్ట్‌వేరు పంపి, ఉచితంగా అక్షరాలను పెద్దవి చేశారు. పెసరగింజంత అక్షరానికి ఇంత హడావుడి ఏమిటని నవ్వినవారూ ఉన్నారు. వేగంగా పోతున్నవాడు ఒక్క చూపులో చదవలేని హెచ్చరిక లేనట్టే లెక్క అని ఆ నిబంధన తలపోసింది. అందులో తప్పు పట్టవలసినది కనబడదు.

మన దేశంలోనూ రీకాల్ కొత్త కాదు. వాహన తయారీదారుల సంఘం 2012లోనే స్వచ్ఛంద నియమావళిని పెట్టుకొన్నది. 2022 అక్టోబరులో మారుతి సుజుకి వాగన్ ఆర్, సెలెరియో, ఇగ్నిస్ కార్లను 9,925 వెనక్కు పిలిచింది. వాటి వెనుక బ్రేకులోని ఒక పిన్ను విరిగి శబ్దం రావచ్చునని, కాలక్రమేణా బ్రేకు పనితనం తగ్గవచ్చునని ప్రకటించింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణతో 110ఎ సెక్షను వచ్చింది. లోపం వలన ప్రయాణికులకో, రహదారిపై ఇతరులకో హాని కలగవచ్చునని తేలితే రీకాల్ చేయమని కేంద్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనలు ఏడేళ్లలోపు వాహనాలకు వర్తిస్తాయి. ఆదేశించేదాకా ఊరుకొన్న సంస్థపై 10 లక్షల నుండి కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

చట్టం ఉన్నది, సంస్థ ఒప్పుకొన్నది, సవరణ ఉచితం. అయినా పిలుపు అందని ఇళ్లు ఉంటాయి. వాటిలో వలస వచ్చిన తెలుగువారివీ ఉంటాయి. కారు గుంటూరులోనో కర్నూలులోనో కొన్నది. కొన్నవారు మామగారు. నడుపుతున్నది వైట్‌ఫీల్డ్‌లోని అల్లుడు. సంస్థ దగ్గర ఉన్నది మామగారి పాత ఇంటి చిరునామా, అయిదేళ్ల కిందట మానేసిన ఫోను నంబరు. సెకండ్‌హ్యాండ్‌లో కొని పేరు మార్చుకోనివారి సంగతి చెప్పనే అక్కరలేదు. వారి కారుకు వచ్చిన ఉత్తరం ముక్కూమొహం తెలియని మొదటి యజమానికి చేరుతుంది. చినిగి చెత్తబుట్టలో పడుతుంది.

చట్టప్రకారం ఇల్లు మారిన 30 రోజులలోగా చిరునామా మార్పు తెలపాలి. కొన్నవారు 30 రోజులలోగా యాజమాన్య బదిలీకి దరఖాస్తు చేయాలి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని 12 నెలలకు మించి మరొక రాష్ట్రంలో ఉంచితే, పాత రాష్ట్రం నుండి నిరభ్యంతర పత్రం తెచ్చి కొత్త నంబరు తీసుకోవాలి. ఎందుకు చేయరో అందరికీ తెలిసినదే. కర్ణాటకలో జీవితకాల పన్ను పెద్ద మొత్తం. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగాన్ని తిరిగి రాబట్టుకోవడానికి చెప్పులు అరగాలి. ఈ కష్టం నిజమైనదే, ప్రభుత్వాలు తగ్గించవలసినదే. అయితే రీకాల్ పిలుపు అందడానికి అంతదాకా ఆగనక్కరలేదు. తయారీ సంస్థ సర్వీసు కేంద్రానికి ఫోను చేసి, ప్రస్తుతం కారు వాడుతున్నవారి పేరు, చిరునామా, నంబరు నమోదు చేయమనడానికి పైసా ఖర్చు లేదు. అది రిజిస్ట్రేషను మార్పుకు బదులు కాదు, ఉత్తరం దారి తప్పకుండా చూసుకొనే ఏర్పాటు మాత్రమే.

పిలుపు కోసం ఎదురు చూడకుండా తామే కనుక్కోవచ్చు కూడా. ఆర్‌సీలో చాసిస్ నంబరు అని పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. అనేక సంస్థలు తమ వెబ్‌సైటులో ఆ నంబరు వేస్తే ఆ కారుకు రీకాల్ ఉన్నదీ లేనిదీ చూపుతాయి. అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. సున్న వంటిది కనబడితే అది సున్నయే. వెబ్‌సైటు అలవాటు లేనివారు సర్వీసు కేంద్రంలో అదే నంబరు చెప్పి అడగవచ్చు. రీకాల్ పని అక్కడే చేయించాలి, బయటి షెడ్డులో కాదు. రెండవ యజమాని అయినా, వారంటీ తీరినా రీకాల్ సవరణకు డబ్బు అడిగితే కారణం కాగితంపై రాసి ఇమ్మనాలి. పని పూర్తయినట్లు రసీదు తీసుకొని ఆర్‌సీతో పాటు ఉంచితే, రేపు ఆ కారు కొనేవారికి పనికివస్తుంది.

ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పి ఉంచాలి. కారు సంస్థ పేరుతో వచ్చిన కవరును సర్వీసు ప్రకటన అనుకొని బీరువా మీద పెట్టవద్దని, ఫోటో తీసి ఆ రోజే వాట్సాప్‌లో పంపమని.