ప్రాకారముగల ఊరిలో పేదవాని ఇల్లు



మన అధ్యక్ష మండలమునకు నూరేండ్లు నిండిన ఈ సమయమున సునాద సంవత్సరము జ్ఞాపకము వచ్చుట సహజము. ఏబదియవ ఏట, అమ్ముడుపోయిన పొలము తిరిగి హక్కుదారునికి చేరవలెనని లేవీయకాండము 25వ అధ్యాయములో చదువుచున్నాము. అయితే అదే అధ్యాయములో మనము త్వరగా దాటిపోవు నియమము ఒకటున్నది. ప్రాకారముగల ఊరిలో ఇల్లు అమ్మినవాడు ఏడాదిలోగా విడిపించుకొనకపోయినయెడల, సునాద సంవత్సరమున కూడ అది తిరిగి రాదు. ప్రాకారము లేని పల్లెలోని ఇల్లయితే తిరిగి వచ్చును. పట్టణములో ఎవరు నిలుచుదురో, ఎవరు వెలుపలికి పోవుదురో చట్టము నిర్ణయించుట నేటి సంగతి కాదు.

మన దేశములో 1976లో పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టము వచ్చినది. హైదరాబాదులో ఒకరికి ఖాళీ స్థలము 1,000 చదరపు మీటర్లకు మించరాదనిరి. కొద్దిమంది చేతిలో భూమి పోగుపడకుండ చేయవలెనను ఉద్దేశము మంచిదే. కాని అదే చట్టములోని 20వ సెక్షను మినహాయింపులిచ్చు అధికారమును ప్రభుత్వమునకిచ్చెను. దరఖాస్తు వ్రాయించుకొనగలవారికి ఆ తలుపు తెలిసినది, గుడిసెవాసికి తెలియలేదు. 1999లో కేంద్రము ఆ చట్టమును రద్దుచేయగా, ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో ఆ రద్దును అంగీకరించినది.

బొంబాయి కాలిబాటలపై నివసించువారి వ్యాజ్యములో 1985లో సుప్రీంకోర్టు, జీవనోపాధి హక్కు జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పినది. అయినను కాలిబాటపై ఉండిపోవు హక్కును ఇవ్వలేదు. ముందుగా తెలియజేసి తొలగించవచ్చుననెను. వారు అక్కడ ఎందుకు ఉందురు? పని ఊరి నడుమ నున్నది గనుక. ఊరికి దూరముగా స్థలమిచ్చినయెడల, కూలిలో కొంత బస్సు చార్జీకి పోవును; పాచిపనికి వేకువనే చేరవలసిన తల్లికి ఆ పనియే పోవును.

ఇతరులను విమర్శించుట సులభము. మన మాట ఏమి? పూర్వపు మిషనరీలు ఊరి చివర కొన్న కాంపౌండులు అనేక చోట్ల నేడు ఊరి నడుమకు వచ్చినవి. అక్కడ దుకాణముల సముదాయము కట్టుదమా అని కమిటీలలో మాటలాడుకొనుచున్నాము. ఆ ప్లానులో, వెనుక వరుస గదులలో ఏండ్ల తరబడి ఉన్న కావలివాని ఇల్లు, ఆయా ఇల్లు ఎక్కడ? వారి చేతిలో కాగితము ముక్కయు లేదు. మనము కూడ ఒకనాడు నోటీసు ఇచ్చి ఊరకుందుమా?

లేవీయకాండము ఇంకొక మాట చెప్పుచున్నది. లేవీయుల పట్టణములలోని ఇండ్లను వారు ఎప్పుడైనను విడిపించుకొనవచ్చును. అవి సునాద సంవత్సరమున వారికి తిరిగి వచ్చును. వారు మందిర సేవ చేయువారు, పొలములో స్వాస్థ్యము లేనివారు. మన కాంపౌండులలో అట్టివారెవరో మనకు తెలియును.

కాబట్టి కొత్త కట్టడమునకు పునాదిరాయి వేయకమునుపే, వారి పేర్లు వ్రాసికొని, నిలుచు హక్కునిచ్చు పత్రమును వారి చేతికిత్తము. అప్పుడు మన నూరేండ్ల బూరధ్వని వెనుక వరుస గదులకును వినబడును.