చక్కెర వ్యాధి: వైద్యుని ఎదుట కొద్ది నిమిషములు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగ పూట వ్యాధి మాట ఎందుకని కొందరు అనుకొనవచ్చును. మన కుటుంబములన్నీ ఒకచోట కూడేది ఈ రోజుననే గనుక ఇక్కడనే చెప్పుచున్నాము. మన మలేషియాలో 2019లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో నూటికి 18.3 మందికి చక్కెర వ్యాధి కనబడినది. 2023 నాటికి అది 15.6కు తగ్గినది. కాని రెండు సర్వేలలోను భారత సంతతివారి లెక్కే అందరికంటె ఎక్కువ.

మనము మధుమేహము అంటాము. మలయ్ భాషలో కెంచింగ్ మానిస్ అంటారు. రెండు పేర్లలోను ఉన్నది తీపి మూత్రమే. ఈ పేరే మనలను ఏమరుపాటులో పెట్టుచున్నది. రక్తములో చక్కెర సుమారు 10 మిల్లీమోల్స్ దాటితే గాని మూత్రములోనికి రాదు. పరగడుపున 7 ఉంటేనే వ్యాధి క్రింద లెక్క. 6.1 నుండి 6.9 వరకు ముందు మెట్టు. ఆ మెట్టు మీద నొప్పి లేదు, దాహము లేదు. అందుచేత "కొంచెం షుగరే" అని ఊరకుంటాము. తరువాత వెళ్ళేసరికి కాలి పుండో, కంటి మసకో, మూత్రపిండముల జబ్బో వెంట ఉంటుంది.

ఆ మెట్టు దిగవచ్చును. అమెరికాలో జరిగి 2002లో వెలువడిన పరిశోధనలో, బరువు నూటికి 7 వంతులు తగ్గించుట, వారమునకు 150 నిమిషములు నడుచుట లక్ష్యముగా పెట్టుకొన్నవారిలో వ్యాధి రావడము 58 శాతము తగ్గినది.

ఇక క్లినిక్ సంగతి. వైద్యుడు ఒక్కొక్కరికి ఇవ్వగలిగినది కొద్ది నిమిషములే. మంచి క్లినిక్‌లో అందుకే పని పంచుకొంటారు. రక్తపరీక్ష ముందే జరుగుతుంది. నర్సు బరువు, రక్తపోటు చూస్తుంది. ఫలితము చేతికి వచ్చిన వైద్యుడు మందు నిర్ణయిస్తాడు. ఏడాదికి ఒకసారి కన్ను, పాదము, మూత్రములో ఆల్బుమిన్ పరీక్షిస్తారు.

హెచ్‌బిఎ1సి అనే పరీక్ష ఉన్నది. బడి పంతుళ్ళము గనుక ఇలా చెప్పుతాము: వేలు గుచ్చి చూచేది ఆనాటి పాఠము అప్పజెప్పుట వంటిది; ఇది మూడు నెలల చదువుకు పెట్టే పరీక్ష. రెండు రోజులు తీపి మానివేసి దీనిలో గట్టెక్కలేము. మన దేశములో 5.7 నుండి 6.2 వరకు ముందు మెట్టు, 6.3 మొదలు వ్యాధి.

మన వంతు పని కూడ ఉన్నది. రక్తము ఇచ్చే తేదీ తప్పరాదు. రికార్డు పుస్తకము, నాటు మందులతో సహా వాడే మందులన్నీ ఒక సంచిలో వేసికొని వెళ్ళవలెను. మానివేసిన మాత్రల సంగతి దాచరాదు. దాచితే మందు పనిచేయుట లేదనుకొని వైద్యుడు మోతాదు పెంచుతాడు. తాతయ్యగారి వెంట, నాయనమ్మగారి వెంట చదువుకొన్న మనుమడో మనుమరాలో వెళ్ళి, చెప్పినది వ్రాసికొనవలెను.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళి ఒక కాగితము మీద ముప్పది యేండ్లు దాటిన ప్రతివారి పేరు, చివరి రక్తపరీక్ష తేదీ వ్రాయండి. ఏ పేరు ఎదుట ఖాళీ ఉన్నదో వారు ముందు వెళ్ళవలెను.