బెల్లం కొనేవారి మాట వినడం ఎట్లా?



పంట పండించడం గురించి మీకు నేను కొత్తగా చెప్పవలసింది తక్కువ. అమ్మకం దగ్గరకు వచ్చేసరికి మాత్రం కొనేవారి మనసును ఊహించుకొని అడుగు వేస్తున్నాము. అనకాపల్లి వైపు చెరకు రైతులు కొందరు సంఘంగా ఏర్పడి, హైడ్రోస్ కలపని బెల్లాన్ని పొట్లాలు కట్టి విశాఖపట్నంలో ఇళ్ళకు అమ్మాలని తలపెట్టారనుకోండి. హైడ్రోస్ వేస్తే బెల్లం పచ్చగా మెరుస్తుంది. అది వేయకుండా బెండ జిగురుతో రసం తేర్చి వండితే రంగు ముదురుగా వస్తుంది. రంగు చూసి ధర కట్టే వ్యాపారి ఆ ముదురు దిమ్మకు తక్కువ పలుకుతాడు. మరి ఇంటి ఇల్లాలు ఏమంటుంది? పొట్లాల యంత్రానికి అప్పు తేకముందే తెలుసుకోవలసిన సంగతి ఇది.

దీనికి ఫోకస్ గ్రూపు అని ఒక పద్ధతి ఉన్నది. బృంద చర్చ అనుకుందాము. ఇది రేడియో ఇంట పుట్టిన బిడ్డే. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో లాజర్స్‌ఫెల్డ్ అనే పండితుడు 1941లో శ్రోతలను కూర్చోబెట్టి, వింటున్నది నచ్చితే ఆకుపచ్చ మీట, నచ్చకపోతే ఎర్ర మీట నొక్కమన్నారు. మెర్టన్ అనే మరో పండితుడు, ఎందుకు నొక్కారో వారినే విడమరచి అడగడం మొదలుపెట్టారు. మన దేశంలోనూ 1956లో పూనా ప్రాంతాన సుమారు 150 గ్రామాలలో రైతులు కూడి రేడియో విని చర్చించుకొనే గోష్ఠులు నడిచాయి. కనుక పది మంది కూర్చొని మాట్లాడుకోవడం మనకు కొత్త గాదు. ఇక్కడ మనం వినడానికి కూర్చుంటాము, అంతే తేడా.

ఆరుగురు మొదలు పది మంది దాకా పిలవండి. అంతకు మించితే కొందరు నోరు విప్పరు. ఇళ్ళలో వండేవారిని ఒక రోజు, మిఠాయి దుకాణాలవారిని మరొక రోజు పిలవాలి. ఇద్దరినీ కలిపితే ఎవరి మాటా తేలదు. మీ చుట్టాలను, సంఘ సభ్యుల ఇంటివారిని పిలవకండి. వారు మీ మొహం చూసి మాట్లాడతారు. గంటన్నరలో ముగించాలి. అడిగేవారు ఒకరు, రాసుకొనేవారు ఒకరు చాలు. మాటలు ఫోనులో పట్టుకోవాలంటే ముందుగా అందరి అనుమతి తీసుకోండి. సంఘం అధ్యక్షులవారు ఏమీ అనుకోకపోతే, ఆ గంటన్నర వారు బయట కూర్చోవడం మంచిది. లోపల ఉంటే బెల్లం గొప్పతనం చెప్పకుండా ఉండలేరు!

ఇక అడిగే తీరు. "రసాయనం లేని మంచి బెల్లం తెస్తే కొంటారా?" అని అడిగారో, అందరూ "కొంటామండీ" అంటారు. అది మర్యాద, బేరం గాదు. "కిందటిసారి బెల్లం ఎప్పుడు కొన్నారు, ఎక్కడ కొన్నారు, దేనికి వాడారు?" అని జరిగినదానితో మొదలుపెట్టండి. తర్వాత రెండు రకాల బెల్లం రెండు పళ్ళెాలలో పెట్టి, పేరు చెప్పకుండా రుచి చూపించండి. ఏది నచ్చిందో మాటలకు ముందే ఎవరి చీటీ మీద వారిని రాయమనండి. లేకుంటే గట్టిగా మాట్లాడే ఒకరి వెంట మిగతావారు పోతారు. మూలన ఊరకున్న ఆమెను, "మీ ఇంట్లో ఎట్లా చేస్తారమ్మా?" అని అడగండి. ఎవరైనా తప్పు మాట అన్నా దిద్దకండి. ఆ తప్పు మాటే మనకు కావలసిన సరుకు.

ఏమి బయటపడవచ్చునో చూడండి. నల్లబెల్లం అనగానే నాటుసారా బట్టీలు గుర్తుకు వచ్చేవారు ఉంటారు. "ఆ పొట్లం చేత పట్టుకొని వీధిలో ఎట్లా రావడం?" అని ఒకామె నవ్వుతూనే అనవచ్చు. మనం రంగుతో పోరాడుతున్నామనుకుంటాము. అక్కడ అడ్డుపడేది పేరు. ఇంకొకామెకు సంక్రాంతి భయం: ఈ బెల్లంతో అరిసెల పాకం కుదురుతుందా, పిండి చెడిపోతుందా అని. పాయసంలో వేస్తే పాలు విరుగుతాయేమోనని మరొకరు. ధర సంగతి ఆ తర్వాతనే వస్తుంది. ఇవి అచ్చువేసిన ప్రశ్నల కాగితంలో దొరికేవి గావు, ఎందుకంటే ఆ ప్రశ్నలు రాసేవారికే తోచవు. పాకం మాట వస్తే వాదించవద్దు. ఒక్కొక్కరికి అర కిలో ఇచ్చి, ఇంట్లో వండి వారం తర్వాత మళ్ళీ రమ్మనండి. పాకం కుదరకపోతే అదీ తెలియాలి గదా.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. పది మందిలో ఎనిమిది మంది మెచ్చారని "నూటికి ఎనభై" అని నివేదికలో రాయకండి. ఈ చర్చ కారణాలు చెబుతుంది, లెక్కలు చెప్పదు. మూడు నాలుగు బృందాలు కూర్చున్నాక కొత్త మాట రావడం ఆగితే చాలించవచ్చు. విన్న మాటలను వారన్నట్టే ఆ రాత్రే రాసిపెట్టండి. మర్నాటికి అవి మన మాటలైపోతాయి.

ఈ పని సంక్రాంతికి రెండు నెలల ముందే జరిపితే పొట్లం మీద పేరు, పాకానికి, పాయసానికి వాడే తీరు అచ్చువేయడానికి వ్యవధి ఉంటుంది. ఆపైన రైతుబజారులో కొద్ది సరుకు రెండు పేర్లతో పెట్టి చూడండి. ఏ పొట్లం ఎన్ని పోయాయో, ఎవరు రెండోసారి వచ్చి అడిగారో పుస్తకంలో వేసుకోండి. యంత్రం సంగతి ఆ పుస్తకం చూసి మాట్లాడుకోవచ్చు.