వారంలో పాతబడిన బోర్బన్: రంగు చూసి మార్కులెయ్యొద్దు

ముందే చెప్తున్నా, ఈ ఎపిసోడ్ 21 ఏళ్లు నిండినవాళ్లకే. తాగమని చెప్పడానికి కాదు, గ్లాసులో ఏముందో తెలుసుకోవడానికి.

బోర్బన్ అంటే అమెరికా విస్కీ. అందులో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. అవును, మన చేలల్లో పండే మొక్కజొన్నే! పులియబెట్టి కాచిన ఆ సారాని, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో పోస్తారు. కనీసం రెండేళ్లు ఉంటేనే దాన్ని 'స్ట్రెయిట్ బోర్బన్' అనాలి.

"అన్నేళ్లు ఎవరు ఆగుతారు?" అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఒహాయోలో టామ్ లిక్స్ పెట్టిన క్లీవ్‌ల్యాండ్ విస్కీ కంపెనీ 2013లో కొత్త పద్ధతితో మార్కెట్లోకి వచ్చింది. పీపా చెక్కని ముక్కలు చేసి, సారాతో పాటు స్టీలు ట్యాంకులో వేస్తారు. ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ ఉంటే సారా చెక్కలోకి దూరి మళ్లీ బయటికొస్తుంది. ఏళ్ల పని రోజుల్లో అయిపోతుందన్నమాట.

నిజంగా అయిపోతుందా? పీపాలో మూడు పనులు జరుగుతాయి. ఒకటి, చెక్కలోంచి రంగు, వెనిలా వాసన దిగుతాయి. రెండు, కాలిన బొగ్గు పొర పచ్చి సారా కంపుని కొంత పీల్చేస్తుంది. మూడు, చెక్క గుండా గాలి ఆడి, కొంత ఆవిరై, రుచులు నెమ్మదిగా కలిసిపోతాయి. ట్యాంకు మొదటి పని బ్రహ్మాండంగా చేస్తుంది. మూడోదానికే టైం కావాలి. కార్బైడ్ పెట్టిన మామిడికాయ చూడండి, తొక్క పసుపే, కోస్తే లోపల పులుపు!

వాతావరణం కూడా లెక్కే. స్కాట్లండ్‌లో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతే, బెంగళూరు అమృత్ డిస్టిలరీలో 10 శాతం దాటుతుంది. అందుకే లేబుల్ మీద ఏళ్లు ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం.

మరి జడ్జ్ చేసేదెలా? మూతి సన్నగా ఉన్న గ్లాసు తీసుకోండి. రెండు మూడు రకాలు ఫ్రెండ్‌తో పోయించుకోండి, ఏది ఏదో మీకు తెలియకూడదు. నోరు కొంచెం తెరిచి వాసన చూడండి. ఉడికించిన మొక్కజొన్న, వార్నిష్ వాసన కొడితే సారా ఇంకా పచ్చిగానే ఉన్నట్టు. రంపపు పొట్టు వాసన, మరీ మరిగిన టీ డికాక్షన్ లాంటి వగరు తగిలితే చెక్క ఎక్కువ దిగినట్టు. నాలుగు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూడండి. మింగాక తీపి, చెక్క, ఘాటు ఒకదాని వెనక ఒకటి వస్తే మంచిది. మంట మాత్రమే మిగిలితే మార్కులు తగ్గించండి. రంగుకి మాత్రం ఒక్క మార్కూ వద్దు.

పాతది కాకపోవడం తప్పు కాదు. భద్రాచలం ఏజెన్సీలో ఇప్పపువ్వు సారా పీపా ఎక్కదు, రంగూ ఉండదు. ఎవరూ దాన్ని పన్నెండేళ్లదని చెప్పుకోరు కూడా. పచ్చిదాన్ని పాతదని నమ్మిస్తేనే తేడా.

చివరగా అసలు మాట. కారమెల్ కలిపితే ఏ సారాకైనా విస్కీ రంగొస్తుంది. అందులో మిథనాల్ ఉంటే రంగులో తెలియదు, వాసనలో తెలియదు, నాలుకకీ తెలియదు. కళ్లు పోతాయి, ప్రాణమే పోవచ్చు. టేస్టింగ్ రుచికి పరీక్షే గానీ, ప్రాణానికి గ్యారంటీ కాదు. ఎక్కడిదో తెలియని సీసా చవగ్గా దొరికితే మూత కూడా తియ్యొద్దు.

మళ్లీ కలుద్దాం ఫ్రెండ్స్, జాగ్రత్త!