యంత్రం చేసిన కీడుకు శిక్ష ఎవరికి?

(రాయపూర్‌లో కళాశాల విద్యార్థులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



కత్తి గాయపరచినప్పుడు మనం కత్తిని బోనెక్కించము. అయితే కృత్రిమ మేధ కేవలం కత్తివంటిది కాదు. ఆజ్ఞాపించినవారు సైతం ఊహించని ఫలితాన్ని అది ఇవ్వగలదు. అందుచేతనే అది కలిగించే కీడుకు నేరస్థుడెవరన్న ప్రశ్న ఉదయించింది.

ఈ ప్రశ్న మీ నగరానికి దూరమైనది కాదు. 2025 అక్టోబరులో నవ రాయపూర్‌లోని ఒక సాంకేతిక విద్యాసంస్థలో, కృత్రిమ మేధ సాయంతో 30 మందికి పైగా విద్యార్థినుల ఛాయాచిత్రాలను అసభ్యంగా మార్చాడన్న ఆరోపణపై ఒక విద్యార్థి అరెస్టయ్యాడు. అతడు దోషియో కాదో నిర్ణయించవలసినది న్యాయస్థానం. కాని, ఇటువంటి సందర్భాలలో “గీసినది యంత్రమే గదా” అన్న వాదం నిలువజాలదు. యంత్రానికి మనస్సు లేదు. దానిని కోరినవానికి ఉన్నది.

మరి ఆ సాధనాన్ని నిర్మించి అమ్మినవారి మాటేమిటి? ఇద్దరు న్యాయమూర్తులు ఇందుకు దారి చూపారు. లైసెన్సు వచ్చినదని నమ్మి ధాన్యం నిల్వచేసిన మధ్యప్రదేశ్ వర్తకుడు నాథూలాల్‌ను 1965లో సర్వోన్నత న్యాయస్థానం నిర్దోషిగా విడిచిపెట్టింది. శాసనం వేరుగా చెప్పనంతవరకు దోషబుద్ధి లేనిదే నేరం లేదని ఆ కేసులో మన రాజమహేంద్రవరం బిడ్డ కోకా సుబ్బారావుగారు వివరించారు. రాయపూర్‌లో చదువుకొన్న హిదయతుల్లాగారు 1964లో ఉదేశీ కేసులో నాణేనికి రెండవ వైపు చూపారు. అశ్లీల గ్రంథం అమ్మిన బొంబాయి వర్తకుడు అందులోని విషయం తనకు తెలియదన్నంత మాత్రాన తప్పించుకోజాలడనీ, ఆ అజ్ఞానం శిక్షను తగ్గించేందుకు మాత్రమే ఉపకరించగలదనీ ఆయన తీర్పు.

ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. మొదటిది నిజాయితీపరునికి రక్ష. రెండవది సరుకు అమ్మి బాధ్యత దులుపుకొనే వర్తకునికి హెచ్చరిక. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం “వ్యక్తి” అన్న పదంలో కంపెనీ సైతం చేరుతుంది. యంత్రం ప్రస్తావన అందులో లేదు.

కనుక కీడు జరిగినప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి. కోరినదెవరు? ప్రమాదం తెలిసియు విడుదల చేసినదెవరు? ఫిర్యాదు అందిన పిమ్మట ఆపక ఊరకున్నదెవరు? ఎవరూ ఊహింపజాలని కీడుకు నష్టపరిహారమే తగును గాని కారాగారం తగదు. ఆ సరిహద్దును ముందుగానే శాసనంలో గీయవలసినది పార్లమెంటు. శాసనం లేని శిక్ష అన్యాయం. బాధ్యుడు లేని కీడు అంతకన్న అన్యాయం.