జైల్లో పరీక్ష అంటే భయమెందుకు?

(సంఘం నెలవారీ సభలో ఒక రిటైర్డు మిల్లు కార్మికుడు చేసిన ప్రసంగ పాఠం)



1982 సమ్మెలో పికెటింగ్ చేసి కొద్దిరోజులు జైలుకెళ్ళినవాళ్ళలో నేనొకణ్ణి. మా బ్యారక్‌లో ఒక విచారణ ఖైదీ రాత్రంతా దగ్గేవాడు. కఫం పరీక్షకని డబ్బా ఇస్తే, పుక్కిలించిన నీళ్ళు ఉమ్మి ఇచ్చేశాడు. ఎందుకలా చేశావని అడిగాను. "టీబీ అని రాస్తే వేరే గదిలో పడేస్తారన్నా. ములాకాత్‌కు వచ్చే నా భార్యకు తెలుస్తుంది. ఊరంతా తెలుస్తుంది. చెల్లెలి పెళ్ళి ఆగిపోతుంది" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. దూది దుమ్ములో దగ్గే మనవాళ్ళు ఎక్స్‌రేకు వెళ్ళకుండా తప్పించుకునేదీ ఇందుకే. పేరు బయటపడితే గేటు మూస్తారని భయం. ఖైదీ కూడా అంతే. అతని భయం సూదికి కాదు, కాగితానికి. ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందోనని.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే రక్తదాతకు హెచ్.ఐ.వి. ఉందని తేలింది. ఏ నేరమూ చేయకపోయినా ఆయనను పట్టుకెళ్ళి 64 రోజులు నిర్బంధించారు. పరీక్షే ఆయనకు శిక్ష అయింది.

అలాగని పరీక్ష మానేస్తే నష్టమెవరికి? 2022 లెక్కల ప్రకారం మన దేశపు జైళ్ళలో 100 మందికి చోటున్న దగ్గర 131 మంది ఉన్నారు. నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. టీబీ గాలిలో వ్యాపించే జబ్బు. రేపు బెయిలు వస్తే ఖైదీతోపాటు జబ్బూ ఇంటికొస్తుంది. మామూలు టీబీ ఆరు నెలల మందులతో నయమవుతుంది. హెచ్.ఐ.వి. మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది.

మరి బలవంతంగా పరీక్ష చేస్తే సరిపోతుందా? సరిపోదు. బలవంతపెడితే పుక్కిలించిన నీళ్ళే వస్తాయి! నమ్మకం కలిగితేనే మనిషి నిజమైన కఫం ఇస్తాడు.

ఆ నమ్మకానికి చట్టం అండ ఉంది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీల కేసే. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలుచేసిన హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం, కోర్టు ఉత్తర్వు వంటి కొద్ది సందర్భాల్లో తప్ప, విషయం వివరించి సమ్మతి తీసుకోకుండా పరీక్ష చేయరాదు. ఫలితం గుప్తంగా ఉంచాలి. నిర్బంధంలో ఉన్నవారికి కూడా పరీక్ష, సలహా, చికిత్స పొందే హక్కుంది.

కాబట్టి మిత్రులారా, మన ఇళ్ళ నుంచి ఎవరైనా లోపలికి వెళితే మూడు పనులు చేయండి. ములాకాత్‌లో "పరీక్ష చేయించుకో, ఫలితం ఏదైనా మేమున్నాం" అని చెప్పండి. మందులు మొదలైతే, విడుదలయ్యే రోజు చికిత్స కార్డు అడిగి తీసుకోండి. మర్నాడే దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో చూపి మందులు ఆగకుండా చూడండి.

మేం విడుదలైన రోజున కూడా ఆ ఖైదీ దగ్గుతూనే ఉన్నాడు. పరీక్ష చేయించుకొమ్మని నేనైనా గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మీరు చెప్పండి.